రెండు వేల ట్యాంకర్ల కోట



గిద్దలూరువాడు ఓడెక్కాడంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. వాళ్ల తప్పేం లేదు. సముద్రం అప్పట్లో మాకు జిల్లా అవతలి కొస. కొత్తపట్నం తీరంలో కాళ్లు తడుపుకుని రావాలన్నా ఒక రోజు పని. నేను అప్పటిదాకా ఎక్కిన పెద్ద నావ ఏదంటే, చిన్నప్పుడు కంభం చెరువులో చేపలవాళ్లు ఎక్కించుకున్న తెప్ప.

బొంబాయిలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఒకరోజు ఫోన్ చేసి, "నాన్నా, ముప్పై ఏళ్లు పిల్లలకు వాస్కోడగామా పాఠం చెప్పావు, ఒక్కసారైనా ఓడెక్కవా?" అన్నాడు. బొంబాయి నుంచి గోవాకు క్రూయిజ్ ఓడ. సాయంత్రం ఎక్కితే మర్నాటికి గోవా. మోకాళ్ల నొప్పులని మా ఆవిడ రానంది. నేను బయల్దేరాను. వెళ్లేటప్పుడు అబ్బాయి కుటుంబంతో ఓడలో, వచ్చేటప్పుడు ఒక్కణ్ణే రైల్లో అని ముందే మాట తీసుకున్నాను. ఆ రైలు సంగతి తర్వాత చెబుతాను.

ఓడ గురించి ఎక్కువ చెప్పను. మార్కాపురం తేరు బజారంత పొడవు, అంతస్తుల మీద అంతస్తులు, తినడానికి లెక్కలేనన్ని రకాలు. నన్ను ఆపిందల్లా ఈతకొలను. చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో ఓడ, ఓడ నెత్తిమీద మంచినీళ్ల కొలను! పక్కనే స్నానాల గదుల్లో ధారలు. ఇన్ని నీళ్లు ఎక్కడివని అక్కడి కుర్రాణ్ణి అడిగాను. సముద్రపు నీళ్లనే తోడి, ఉప్పు విరిచి, మంచినీళ్లు చేసుకుంటారట. నాకు నిజంగా అసూయ పుట్టింది. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషుల్ని చూసినవాణ్ణి. నడిసముద్రంలో ఓడకున్న భాగ్యం మెట్టమీది ఊరికి లేకపోయె అనిపించింది.

రాత్రి పైఅంతస్తులో గాలికి కూర్చుంటే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ యంత్రాలు లేని రోజుల్లో ఏం చేసేవాళ్లు? లిస్బన్ నుంచి గోవాకు తెరచాప ఓడలో సుమారు ఆరు నెలల ప్రయాణం. నీళ్లన్నీ పీపాల్లో. కొన్నాళ్లకు పీపాలో నీళ్లు పాకుడు పడతాయి, పురుగులు పడతాయి. మిరియాలు, బట్టలు ఎన్ని టన్నులైనా నింపుకోవచ్చు, తాగడానికి నీళ్లు లేకపోతే ఆ ఓడ కదలదు. నేను బళ్లో వాస్కోడగామా పాఠం ఎన్నిసార్లు చెప్పానో! 1498, కాలికట్, జామొరిన్, అన్నీ చెప్పాను. నీళ్ల మాట ఒక్కసారీ చెప్పలేదు. పుస్తకంలో లేదు, నాకూ తట్టలేదు.

అన్నట్టు, పీపా అనే మాట మనకు పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చిందే. బాల్చీ కూడా. నీళ్లు నిలవచేసే పీపా, నీళ్లు తోడే బాల్చీ రెండూ ఓడలు దిగి మన దొడ్లోకి వచ్చి చేరాయి. గోడ కట్టే మేస్త్రి కూడా ఆ బాపతే.

ఓడ మర్మగోవా రేవులో ఆగింది. గోవాలో మాండవి, జువారి అని రెండు నదులు పక్కపక్కనే సముద్రంలో కలుస్తాయి. ఉత్తరపు ఒడ్డు కొసన అగ్వాద కోట. దక్షిణపు ఒడ్డు కొసన మర్మగోవా కోట. రెంటి నడుమ సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొమ్ము కాబో. అక్కడా ఒకప్పుడు కోటే, ఇప్పుడు గవర్నరుగారి నివాసం. పాతకాలంలో ఏ ఓడ ఏ నదిలోకి దూరాలన్నా ఈ మూడింటి కంటబడకుండా దూరేది కాదు. పొలానికి మూడు గట్ల మీదా కావలివాణ్ణి కూర్చోబెట్టినట్టు.

మేం దిగిన మర్మగోవా కోటను 1624లో మొదలుపెట్టారు. ఒక దశలో రాజధానినే ఇక్కడికి తెద్దామనుకుని, కట్టడాలు మొదలుపెట్టి, మానుకున్నారు. ఇప్పుడు మిగిలింది కొద్దిపాటి గోడ. ఓడ దిగినవాళ్లలో ఒక్కరూ అటు తిరిగి చూడలేదు. అందరూ ఇసుక బీచీలకు, జీడిపప్పు కొట్లకు పోయారు. నేనూ మా మనవడూ ఒక ట్యాక్సీ మాట్లాడుకుని అగ్వాదకు పోయాం.

అగ్వాద కోటను 1609లో మొదలుపెట్టి 1612లో ముగించారు. భయం ముఖ్యంగా డచ్చివాళ్లది. ఆ డచ్చివాళ్లు మనకూ తెలిసినవాళ్లే. అదే దశాబ్దంలో మన నిజాంపట్నంలో, మచిలీపట్నంలో కొట్లు పెట్టి కలంకారీ బట్టలు కొన్నారు. మన తీరానికి బేరానికి వచ్చినవాళ్లే గోవా మీదికి కొట్లాటకు పోయేవాళ్లు.

కోట బయట లోతైన అగడ్త. వాకిలి దాటి లోపలికి పోతే రాజుగారి మహలు లేదు, రాణిగారి అద్దాలమేడ లేదు. కళ్లు జిగేలుమనే ఎండలో విశాలమైన గచ్చు, ఒక పక్కన 1864లో కట్టిన లావుపాటి తెల్లటి దీపస్తంభం. అంతే. "తాతా, ఫిరంగులేవి?" అన్నాడు మావాడు. ఒకప్పుడు 79 ఉండేవట. సినిమాల్లో చూసిన కోట వాడి బుర్రలో ఉంది. ఏమీ లేని ఈ మైదానం చూసి వాడి మొహం వాడిపోయింది.

నేను మాత్రం కాళ్ల కింద చూస్తున్నాను. మేం నిలబడ్డ ఆ గచ్చు కిందే నీళ్ల తొట్టి. అగ్వాద అనే పేరులోనే నీళ్లున్నాయి. పోర్చుగీసులో ఆగ్వా అంటే నీళ్లు. కోటలో మంచినీటి ఊట ఉంది. వానకాలం నీళ్లు, ఊటనీళ్లు నిలవచేసి, వచ్చిపోయే ఓడలకు ఇక్కడ నింపేవాళ్లు. పైకోటలో తొట్టీ కావలీ, కిందికోటలో ఓడలు ఒరుసుకుని నిలబడే చోటు. ఆరు నెలలు సముద్రంలో ఎండిన నోళ్లకు ఈ కొండ కొస కనబడితే ఎట్లుండేదో ఊహించుకోండి.

తొట్టి పట్టేది 23,76,000 గ్యాలన్లు. గ్యాలన్లంటే మావాడికి తెలియదు. లీటర్లు చేశాను. గ్యాలను ఇంగ్లండుదా అమెరికాదా అన్నదాన్నిబట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, మొత్తానికి కోటి లీటర్లనుకోవచ్చు. ఆ కోటి కూడా వాడికి ఎక్కలేదు. అప్పుడు మా ఊరి లెక్కలోకి మార్చాను. "ఎండాకాలం సెలవులకు వస్తే మన వీధికి ట్యాంకరు వస్తది గదా, నాయనమ్మ బిందెలు వరసలో పెడతది గదా, అది అయిదు వేల లీటర్లది. అట్లాంటివి రెండు వేల ట్యాంకర్లు ఈ గచ్చు కింద దాచారు" అన్నాను. వాడు గభాల్న పక్కకు జరిగాడు, కాళ్ల కింద నేల ఎక్కడ కుంగుతుందోనని.

గోడ దగ్గరికి పోయి రాయిని తడిమి చూశాను. పలకల ఊరి పక్కన పుట్టినవాడికి రాయి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మార్కాపురం రాయి పొరలు పొరలుగా లేస్తుంది, నున్నగా ఉంటుంది, నీటిచుక్క పోస్తే పైనే జారిపోతుంది. ఇది వేరే జాతి. ఎర్రటి లాటరైటు. చెదలు తిన్న కొయ్యలాగా ఒళ్లంతా బొరియలు, చూపుడువేలు కొస దూరుతుంది. ఈ బొరియల రాతి నేలలో కోటి లీటర్లు ఇంకిపోకుండా నిలిపారంటే, లోపల సున్నం పని ఎంత గట్టిగా చేసి ఉండాలి! ఫిరంగులు కరగబోసినవాడి కంటే ఆ సున్నం మెత్తినవాడికే నేను మార్కులు ఎక్కువ వేస్తాను.

కిందికోటను తర్వాతి కాలంలో జైలు చేశారు. గోవా స్వాతంత్ర్యం కోసం కొట్లాడినవాళ్లను అక్కడ పెట్టారు. 1946లో రెండోసారి గోవాలో అడుగుపెట్టిన రామమనోహర్ లోహియాను పట్టుకుని ఉంచిందీ అగ్వాదలోనే. తక్కిన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పద్నాలుగేళ్లకు, 1961 డిసెంబరు 19న, గోవాలో పోర్చుగీసు జెండా దిగింది. ఇప్పుడా జైలు మ్యూజియం.

తిరుగుదారిలో పణజికి ఎదురొడ్డున రెయిస్ మాగోస్ కోట చూశాం. 1551 నాటిది, 1707లో పెంచి కట్టారు. ఇదీ 1993 దాకా జైలే. బాగుచేసి 2012లో జనానికి తెరిచారు. చిన్నదీ, శుభ్రమైనదీ. చూడముచ్చటగా ఉంది. కానీ అప్పటికే నా మనసు తొట్టిలో పడిపోయింది, ఇక్కడ పెద్దగా నిలవలేదు.

పాత గోవా సంగతి మాత్రం చెప్పాలి. 1510లో అల్బుకర్క్ బీజాపూరు సుల్తాను చేతుల్లోంచి గుంజుకున్న నగరం అది. పెద్ద పెద్ద చర్చీలున్నాయి, సెయింట్ జేవియర్ భౌతికకాయం ఉన్న బాం జీసస్ చర్చి ఉంది, యాత్రికులు తండోపతండాలు. ఊరు మాత్రం లేదు. ఒకప్పుడు తూర్పుదేశాల్లో పేరుమోసిన రేవు నగరం, చర్చీలను మిగిల్చి మాయమైంది. ఏ శత్రువూ తగలబెట్టలేదు. నీళ్లు చంపాయి. బొరియల నేలలో మురికి ఇంకి బావుల్లోకి దిగింది. విషూచి, మలేరియా ఏళ్ల తరబడి జనాన్ని ఊడ్చేశాయి. 1759లో వైస్రాయి మకాం ఎత్తేశాడు, 1843లో పణజి రాజధాని అయింది. చూడండి ఎంత విడ్డూరమో. సముద్రం ఒడ్డున ఓడల కోసం రెండు వేల ట్యాంకర్ల మంచినీళ్లు కోట కట్టి కాపాడినవాళ్లు, లోపల ఊరి బావిని కాపాడుకోలేకపోయారు.

ఆ సాయంత్రం మావాళ్లు ఓడెక్కి బొంబాయి పోయారు. నేను వాస్కో ఊళ్లో ఉండిపోయాను. పొద్దున్నే స్టేషనుకు పోతే, ప్లాట్‌ఫారం మీద నా రైలు. బోగీ పక్కన బోర్డు మీద వాస్కో డ గామా పేరు. అమరావతి ఎక్స్‌ప్రెస్. చిన్నప్పటి నుంచి నేను గిద్దలూరు స్టేషన్లో చూస్తున్న దారి ఇది. ఒక కొస గుంటూరు, బెజవాడలని తెలుసు. రెండో కొస ఇట్లా సముద్రంలో ఓడల పక్కన ఆగుతుందని, పటంలో ఎన్నిసార్లు చూపించినా కళ్లారా చూసింది ఆరోజే.

ఎదురు సీట్లో ఒకతను, కాళ్ల కింద తాపీలూ మట్టపు కర్రా ఉన్న సంచి.

"యాడికి పెద్దాయనా?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

"గిద్దలూరు. మీదేవూరు?"

"తర్లుపాడు పక్కన. ఈడ బేల్దారి పని. పండక్కి పోతన్నా."

"గోవాలో గోడలు కడుతున్నావా! మన ఊళ్లో పని లేదా?"

"నీళ్లుంటే మా చేలో మేమే ఉండేవాళ్లం గదా" అని నవ్వి, పడుకున్నాడు.

ఈ రైలుమార్గానికీ ఒక కరువు కథ ఉంది. 1876లో మొదలైన ధాత కరువు కర్నూలు, బళ్లారి సీమల్ని పీల్చి పిప్పిచేసింది. గిద్దలూరు, మార్కాపురం, కంభం అప్పుడు కర్నూలు జిల్లావే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మేం ఆ జిల్లావాళ్లమే. కరువులో ధాన్యం ఒకచోట ఉంటుంది, ఆకలి ఒకచోట ఉంటుంది, మధ్యలో బండ్లు లాగే ఎద్దులు ముందే చచ్చిపోతాయి. అందుకని కరువు సీమల్లో రైలు వేయాలన్నారు. బళ్లారి నుంచి కృష్ణ దాకా మా నల్లమల మీదుగా మీటర్ గేజి పట్టాలు పడ్డాయి. అటు 1878లో ఇంగ్లీషువాళ్లు, పోర్చుగీసువాళ్లు ఒప్పందం చేసుకుని మర్మగోవా రేవు నుంచి పడమటి కనుమలు ఎక్కించి ఇంకో రైలుదారి వేశారు. 1880ల చివరికల్లా ఆ రేవు దారీ, ఈ కరువు దారీ ఒకే గొలుసులో లంకెలయ్యాయి. 1990ల్లో మా దారి బ్రాడ్ గేజి అయింది.

పట్టాలకంటే ముందు ఇది గుర్రాల దారి. అరేబియా గుర్రాలు హోర్ముజ్ నుంచి ఓడల్లో గోవాకు, భట్కల్‌కు వచ్చేవి, అక్కడి నుంచి విజయనగరానికి నడిచేవి. ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ రాయలవారు రేవులను బాగుచేయమని, గుర్రాలూ ఏనుగులూ ముత్యాలూ తెచ్చే బేహారుల్ని ఆదరించమని రాసింది ఊరికే కాదు. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు, రాయలు ఏటా పదమూడు వేల గుర్రాలు కొనేవాడని రాశాడు. అంతకుముందు సాళువ నరసింహరాయలైతే, దారిలో సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపించినా బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడట! ఇప్పటి బీమా కంపెనీలు ఆ మాట వినకపోవడమే మంచిది.

హోసపేట దగ్గర రైలు ఆగినప్పుడు నాకు నూనిజ్ రాసిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఇక్కడే రాయలవారు రెండు కొండల నడుమ పెద్ద చెరువు కట్ట తలపెట్టాడు. గోవాలోని గవర్నరును పనిమంతుల్ని పంపమని అడిగితే, జువావ్ డెలా పోంతె అనే రాతిపనివాడు వచ్చాడు. మన మాటలో బేల్దారి మేస్త్రి. ఆయన చూసి, మనసులో కష్టమే అనుకుని, పైకి సరేనని, ముందు సున్నం సిద్ధం చేయించమన్నాడట. ఆ మాటకు రాయలు పగలబడి నవ్వాడట. సున్నంతో కట్టడం ఈ దేశంలో తెలియదు కాబట్టి నవ్వాడని నూనిజ్ వ్యాఖ్య. నాకు ఆ వ్యాఖ్య మింగుడుపడదు. అంత పెద్ద చెరువు కట్టను సున్నంతో అతుకుతానంటే, మట్టీ రాళ్లతో కట్టలు వేసి వేసి చేయి తిరిగిన దేశపు రాజు నవ్వక ఏం చేస్తాడు? అయితే మొదట వేసిన కట్ట నిలవలేదనీ, బలులు కూడా ఇచ్చారనీ ఆయనే రాశాడు. 1520 ప్రాంతంలో వచ్చిన పేస్ అనే ఇంకో పోర్చుగీసు, పదిహేను ఇరవై వేల మంది ఆ చెరువు పనిలో చీమల్లాగా కదులుతుంటే చూశాడు.

అగ్వాదలో సున్నపు తొట్టి చూసి, హోసపేటలో సున్నానికి నవ్విన రాజును తలుచుకున్నాక, మా కంభం చెరువు గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? అదీ రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్టే. రాయలవారి భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని మావైపు చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్ట మీద నిలబడి చూస్తే దానికి బురుజులు లేవు, ఫిరంగులు లేవు. కానీ అగ్వాదకు పోయొచ్చిన కళ్లతో చూస్తే అదీ కోటే. కనిగిరి దుర్గం కొండ మీద ఉంది, దానికి పేరుంది, కాటమరాజు కథ ఉంది. ఆ కథలో మాత్రం ఏముంది? కరువొచ్చి, ఆవులకు మేతా నీళ్లూ లేక దక్షిణాన నెల్లూరు సీమకు తోలుకుపోవడం, అక్కడ నల్లసిద్ధితో తగాదా. ఆవుల వెనక కాటమరాజు దక్షిణానికి పోయాడు, తాపీ సంచితో నా ఎదురు సీటు మనిషి పడమటికి పోయాడు.

నంద్యాల చేరకముందే చీకటి పడింది. నల్లమలలో రైలు సొరంగంలో దూరినప్పుడు తర్లుపాడు మనిషి లేచి కూర్చున్నాడు. "వెలిగొండ సొరంగం గూడా ఇట్నే ఉంటదా?" అన్నాడు. ఇంతకంటే చాలా పొడవన్నాను. శ్రీశైలం జలాశయం పక్కన కొల్లంవాగు నుంచి దోర్నాల వైపు, కొండ కింద దాదాపు 19 కిలోమీటర్లు, నీళ్ల కోసం తవ్విన జంట సొరంగాలు. 1996లో శంకుస్థాపన చేశారు, 2024 మార్చిలో సొరంగాలకు ప్రారంభోత్సవం చేశారు. "శంకుస్థాపన నాటికి నేను పుట్టలా" అన్నాడతను. అగ్వాద కోట మూడేళ్లలో లేచిందని అతనికి చెప్పబోయి ఊరుకున్నాను.

గిద్దలూరులో దిగేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. వీధి మలుపులో లైటు కింద జనం, గొట్టం చప్పుడు, ఎవరో ఎవరినో కసురుకోవడం. ఆ వేళప్పుడు ట్యాంకరు వచ్చింది. మా ఆవిడ నొప్పుల కాళ్లతోనే వాకిట్లో నిలబడి ఉంది, పక్కన ఏడు బిందెలు, ఒక ప్లాస్టిక్ పీపా. సంచి కింద పెట్టి బిందె అందుకున్నాను. ట్యాంకరు ఎన్ని లీటర్లదని డ్రైవర్ని అడిగాను.

అయిదు వేలట.